అవసరం తీరితే ఒకటి నొక్కండి

కంప్యూటర్ లెక్క ప్రకారం నాగమణమ్మ కిందటి వారం చనిపోయింది. ఆ నాగమణమ్మే సోమవారం పొద్దున మంచాల ఆఫీసు గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి, రెండో కాలి చెప్పు విడుస్తోంది.

స్వీటీ చేతిలోని టీ కప్పు నోటిదాకా రాకుండా మధ్యలోనే ఆగిపోయింది. వాకర్ ఇచ్చిన రోజు ఈవిడ ఫొటో తీసింది తనే. అదే ముక్కుపుడక, ఎడమవైపుకి ఒరిగిపోయే అదే నడక. గోడ వెంట నిలబెట్టిన ఇనుప మంచాలను ఒక్కొక్కటే పట్టుకుంటూ ముసలావిడ లోపలికి వస్తోంది. గదిలో ఆమె గాజుల చప్పుడు, మూలన గాలి పరుపు చప్పుడు, అంతే. పరుపుని పరీక్ష కోసం పంపుకి తగిలించి ఉంచారు. కదల్లేనివాళ్ళ వీపు పుండ్లు పడకుండా దాని అరలు నిండుతూ, ఖాళీ అవుతూ ఉంటాయి. ఎవరూ పడుకోకపోయినా అది ఊపిరి తీస్తూనే ఉంటుంది.

ఎంబీయే చదివిన పిల్ల, చర్చి క్వాయర్‌లో ముందు వరసలో నిలబడి పాడే పిల్ల, దయ్యాల మాట ఎత్తితే పకపకా నవ్వే పిల్ల. అలాంటి పిల్లకి పట్టపగలు, తిరిగే ఫ్యాను కింద, మెడ వెనక చెమట పట్టింది.

"నువ్వేనా బిడ్డా, ఫోన్ల మాట్లాడేది?" అని అడిగింది నాగమణమ్మ, కుర్చీలో కూలబడుతూ.

"నేనే అమ్మా."

"గొంతు ఇనంగనే అనుకున్న. తేనె లెక్కుంటది." కొంగు ముడి విప్పి చిన్న ఫోను తీసింది. "మా కోడలు సదివి చెప్పింది. నేను పోయిననంట గదా. మీరంతా మస్తు బాధ పడుతున్నరంట. ఊకె ఏడుస్తరేమో పాపం, బతికే ఉన్ననని చెప్పిపోదామని వచ్చిన."

ఫోనులో ఉన్నది స్వీటీ స్వయంగా రాసిన మెసేజే. 'మీ కుటుంబానికి కలిగిన తీరని లోటుకు మా ప్రగాఢ సానుభూతి.' ఆఫీసు ఫోనుకి జవాబుగా ఒకటి నొక్కితే మనిషి పోయినట్టు లెక్క. అలా నొక్కిన ప్రతి నంబరుకీ అది దానంతటదే వెళ్ళిపోతుంది.

"అయ్యో, తప్పయిపోయింది అమ్మా."

"ఏం గాదు తియ్. బతికుండంగ పోయినరంటె ఆయుష్షు పెరుగుతదంటరు. పెరగనియ్." ముసలావిడ బోసినోటితో నవ్వింది.

"మరి మీరు ఒకటి ఎందుకు నొక్కిన్రు? ఇంకా అవసరం ఉంటే రెండు నొక్కమని చెప్పిన కదా."

"నొక్కిన గదా రెండు! మొన్న నొక్కిన, అంతకుముందు నొక్కిన. తెల్లారంగనే మళ్ళ అడుగుతవు. దీపం పెట్టేకాడ, బువ్వ తినేకాడ గూడ నీ మాటనే చెవుల మోగుతది. ఈ పిల్ల గింతగనం అడుగుతున్నదంటె ఎవరికో నాకంటె ఎక్కువ అక్కర ఉన్నట్టుంది అనుకున్న. ఒకటి నొక్కిన. ఇగ అడగలే. పాణం సల్లబడ్డది."

స్వీటీ లేచి వాకర్లు పెట్టే మూలకి వెళ్ళింది. మూల ఖాళీగా ఉంది. వచ్చిన వస్తువు వచ్చినట్టే ఇంకొకరికి పంపేయడం తను పెట్టిన పద్ధతే. ఖాళీ మూలను ఫొటో తీసి, ఎంత బాగా పని జరుగుతోందో చూపించడానికి తన ప్రెజెంటేషన్‌లో పెట్టుకుంది కూడా.

"రేపటికల్లా ఒకటి తెప్పిస్త అమ్మా."

"తొందరేం లేదు బిడ్డా. గోడలున్నయి గదా," అంటూ నాగమణమ్మ వచ్చిన దారినే, మంచాలు పట్టుకుంటూ, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది. సందు మలుపు దాకా ఆ గాజుల చప్పుడు వినబడింది.

ఎవరో ఒకరు తప్పు నొక్కుతూనే ఉంటారు, అని తనకి తానే చెప్పుకుంది స్వీటీ. ఏ సిస్టంలో లేదు ఆ మాత్రం తప్పు? లేకపోతే ఏం చెప్పుకోవాలి మరి. గురువారం ఒక ఉద్యోగానికి ఫోన్ ఇంటర్వ్యూ. ఇప్పటిదాకా ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా ఒకటే ప్రశ్న, ఎక్స్‌పీరియన్స్ ఏంటని. ఉద్యోగం ఇస్తేనే కదా అనుభవం వచ్చేది, అనుభవం ఉంటేనే ఉద్యోగం అంటే ఎక్కడ తెచ్చేది? అందుకే ఆన్‌లైన్లో వెతికి, డబ్బు తీసుకోకుండా చిన్న చిన్న సంస్థలకి సలహాలిచ్చే వాలంటీర్లలో పేరు రాయించుకుంది. వాళ్ళు, ఆమె ఉండే కంచన్‌బాగ్ నుంచి ఒక్క బస్సు దూరంలో ఉందని లాల్‌దర్వాజాలోని ఈ సమితిని చూపించారు. పేద ఇళ్ళలో రోగులకి మంచాలు, వీల్‌చైర్లు ఉచితంగా వాడుకోవడానికి ఇచ్చే చోటు. ఇచ్చినవి వేళకి తిరిగి రావడం లేదు, అదీ సమస్య.

సమితి పెద్ద సుబ్రహ్మణ్యం గారు ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మొదట్లో తల అడ్డంగా ఊపారు. "అడగడం మా పద్ధతి కాదమ్మా. అవసరం తీరాక వాళ్ళే తెస్తారు," అన్నారు. తెచ్చిన మంచానికి పసుపునీళ్ళు చల్లి కొన్నాళ్ళు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేవారు. మనుషులకున్నట్టే మంచానికీ మైల ఉంటుందట. ఆ పక్కన పెట్టడానికి స్వీటీ తన లెక్కల పట్టీలో 'వృథా సమయం' అని పేరు పెట్టి ఎర్రరంగు పూసింది. ఎందుకు సార్, కారణం చెప్పండి అంటే ఆయన చెప్పలేకపోయారు. ఊరికే పనిచేసి పెడుతున్న పిల్లని కాదనడానికీ ఆయనకి మొహం చెల్లలేదు. అలా మొదలైంది రోజూ పొద్దున్నే మోగే ఫోను. స్వీటీ గొంతే రికార్డు చేశారు. నమస్తే, మంచాల సమితి నుండి మాట్లాడుతున్నాం, మీరు తీసుకున్న వస్తువు ఇంకా అవసరం ఉందా, ఉంటే రెండు నొక్కండి, అవసరం తీరితే ఒకటి నొక్కండి.

ఆ మధ్యాహ్నం సుబ్రహ్మణ్యం గారు, ఆమె పద్ధతి వల్ల వస్తువులన్నీ వేళకి తిరిగొస్తున్నాయని రాసిన మెచ్చుకోలు పత్రం సంతకం చేసి, ముద్ర వేసి, రెండు చేతులతో ఇచ్చారు. "నీ చలవ వల్ల ఎదురుచూసేవాళ్ళు ఎవరూ మిగల్లేదమ్మా," అన్నారు. స్వీటీ దాన్ని మడత పడకుండా ఫైల్లో పెట్టుకుంది. నాగమణమ్మ సంగతి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. అందుకే మంగళవారం మంచం తేవడానికి వెళ్తున్న ట్రాలీ ఆటోలో, అది నడిపే నందు వద్దన్నా వినకుండా, అతని పక్కన ఎక్కి కూర్చుంది.

నందు ఆ వీధుల్లోనే పెరిగినవాడు. మామూలుగా అయితే నోరు ఊరుకోదు. ఆ రోజు మాత్రం గౌలిపురా చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఒక ఇరుకు సందు మొదట్లో ఆటో ఆపి, హారన్ కొట్టకుండా దిగి, చిన్నగా దగ్గాడు.

"బెల్ కొట్టవా అన్నా?"

"పోయినోళ్ళ ఇంటికాడ కొట్టం మేడమ్. దగ్గుతం. వాళ్ళే తెచ్చి బయట పెడ్తరు. రమ్మనరు, పోయిరమ్మనరు. మనం గూడ పోయొస్తనని చెప్పం. గంతే."

మంచం అప్పటికే బయట ఉంది. కడిగి, కాళ్ళు మడిచి, గుమ్మం పక్కన ఆనించి పెట్టారు. ఇనుప పట్టీల మీద నీళ్ళు ఇంకా ఆరలేదు. స్వీటీ సందులోకి అటూ ఇటూ చూసింది. నేల మీద పూలు లేవు. గుమ్మం ముందు చుట్టాలు లేరు, ఏడుపు లేదు. లోపలి నుంచి పోపు వాసన వస్తోంది.

"చావు జరిగిన ఇంట్ల పొయ్యి ఎలిగించరు గదా అన్నా?"

"ఎలిగించరు."

"మరి?"

నందు మంచం పట్టుకోబోయినవాడల్లా చేతులు దించాడు. "గీ నడుమ శానా ఇండ్లల్ల గిట్లనే ఉన్నది మేడమ్. మంచం బయట, మనిషి లోపట. మీకు ఎర్కే అనుకున్న. ఆఫీసోళ్ళు అడుగుతున్నరంటె ఎర్క లేకుంట అడుగుతరా అనుకున్న."

స్వీటీ గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. చీకటి గది. నేల మీద చాప, చాప మీద ఒక మనిషి. ఒక పక్క చచ్చుబడిపోయిన ఎల్లప్ప. పక్కన గిన్నెలో చేయి ముంచి, తడిగుడ్డ పిండుతున్నది ఆయన భార్య కృష్ణమ్మ. బోర్లా తిప్పిన మనిషి వీపు మీద కొత్తగా ఎర్రటి మచ్చలు. మంచం ఉన్నన్నాళ్ళూ అవి లేవని చూస్తేనే తెలుస్తోంది.

"అమ్మా, మంచం మీరే ఉంచుకోండి. ఎవరు బయట పెట్టమన్నరు?" అంది స్వీటీ.

ఆ మాట వినగానే కృష్ణమ్మ ఆమె మొహం వైపు చూడలేదు. గిర్రున తిరిగి గూట్లోని ఫోను వైపు చూసింది. ఫోను మోగడం లేదు. గొంతు మాత్రం గదిలో ఉంది.

"ఎవరే?" అన్నాడు ఎల్లప్ప, గోడవైపు మొహం పెట్టుకునే.

"అడిగేటామె," అంది కృష్ణమ్మ మెల్లగా. "అడిగేటామెనే వచ్చింది."

"బాపూ, నేను స్వీటీని. ఆఫీసుల పనిచేస్త. మీకు ఇంకా అవసరం ఉంది కదా..."

అవసరం అన్న మాట నోట్లోంచి వచ్చిందో లేదో ఎల్లప్ప బాగున్న చెయ్యి కదిలింది. చాప మీద దేనికోసమో తడిమింది. అది దొరక్క, బొటనవేలు ఉత్త చాపనే నొక్కింది. వదిలి మళ్ళీ నొక్కింది. మనిషికి తెలిసి చేస్తున్న పనిలా లేదు. కాలి మీద దోమ వాలితే కాలు విదిలించుకున్నట్టుంది.

"గిట్లనే జేస్తడు బిడ్డా," అంది కృష్ణమ్మ. ఎక్కడ తిడతారో అన్నట్టు గొంతు తగ్గించింది. "నేను రెండు నొక్కుతుంటి. ఇంకొన్ని దినాలు ఉండనీయిర్రి అని మొక్కుకుంట నొక్కుతుంటి. నేను నీళ్ళకు వోయినప్పుడు ఆయన్నే ఎత్తి ఒకటి నొక్కిండు. ఏందయ్యా గిట్ల జేస్తివి అంటె, రెండు నొక్కితె రేపు మళ్ళ అడుగుతది, ఒకటి నొక్కితె ఊకుంటది అన్నడు. పరాయోళ్ళ వస్తువు. దినాం అడుగుతుంటె ఏ మొకం పెట్టుకొని పండాలె దాని మీద?"

స్వీటీకి ఏడుపొచ్చింది. రోజూ అడిగేలా పెట్టింది తనే. వారానికొకసారి చాలదా అని సుబ్రహ్మణ్యం గారు అడిగితే, రోజూ అడిగితేనే ఫలితం బాగుంటుందని చెప్పింది. ఫలితం బాగానే ఉంది.

నందూ, కృష్ణమ్మా మంచం లోపలికి తెచ్చి పరిచారు. మనిషిని ఎత్తి పడుకోబెట్టారు. ఎల్లప్ప మంచం మీద కర్రలా బిగుసుకుని ఉండిపోయాడు. తల కింద దిండు పెట్టబోతే వద్దన్నాడు. ఎంతసేపుంట గనక, అన్నాడు.

"ఇగ ఎవ్వరు అడగరు బాపూ. నేను చెప్తున్న గదా," అంది స్వీటీ. తన గొంతు తనకే రికార్డులోంచి వస్తున్నట్టు వినిపించింది. ఆ బొటనవేలు మళ్ళీ దుప్పటి మీద కదలడం చూసి మాట ఆపేసింది.

బయటికొచ్చేసరికి సందులో గుమ్మాల దగ్గర ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ పలకరించలేదు. "ఆమెనేనంట," అన్నారెవరో వెనకనుంచి. "నందన్నా, ఇంక ఇక్కడ ఎవరింట్ల ఉన్నయి మనవి?" అని స్వీటీ కొంచెం గట్టిగా అడిగింది. అడగకుండా ఉండాల్సింది. రెండిళ్ళ అవతల, మూసిన తలుపు వెనక నుంచి, ఇనుప మంచం కాళ్ళు మడుస్తున్న కిర్రు కిర్రు చప్పుడు మొదలైంది. ఆ వెంటనే ఎదురింట్లోంచి కూడా.

"నడువు మేడమ్," అన్నాడు నందు. "ఏం మాట్లాడకుంట నడువు."

బుధవారం పొద్దున స్వీటీ మెషిన్ ఆపేసింది. జరిగిందంతా సుబ్రహ్మణ్యం గారికి చెప్పింది. చెబుతూ చెబుతూ ఫైల్లోంచి ఆ మెచ్చుకోలు పత్రం తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన గాలి పరుపు వైపు తిరిగారు. అది నిండుతోంది, ఖాళీ అవుతోంది.

"అడగకూడదు అనేవారు, నాకు ముందు ఈ సమితి చూసిన మా నాన్నగారు. ఎందుకో నేను ఆయన్ని అడగలేదు. నువ్వు నన్ను అడిగావు, నాకు జవాబు తెలియలేదు. కారణం చెప్పలేని పద్ధతిని పట్టుకుని వేలాడటం చాదస్తం కాబోలు అనుకున్నాను." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఖాళీ మూలలు చూసి నేనూ మురిసిపోయానమ్మా. ఇన్ని మంచాలు తిరిగొస్తున్నాయంటే ఇంతమంది పోతున్నారా అని ఒక్కరోజన్నా అనుకున్నానా? అనుకోలేదు. ఆ కాగితం నీదే, ఉంచుకో. నువ్వు పనిచేసిన మాట నిజం."

"ఇందులో ఏం రాసుందో చూసిన్రు కదా సార్?"

"చూసే సంతకం పెట్టాను," అన్నారాయన, తలెత్తకుండా.

సాయంత్రానికి నందు గౌలిపురా వెళ్ళొచ్చి ఇంకో మాట చెప్పాడు. ఎల్లప్ప మళ్ళీ చాప మీదికి దిగిపోయాడట. మెషిన్ ఆగిందని చెబితే నమ్మలేదట. పొద్దున ఫోను రాకపోయేసరికి ఇంకా భయపడ్డాడట. అడగకుండానే వచ్చి తీసుకుపోతారేమోనని.

గురువారం ఇంటర్వ్యూ. ఇంట్లో అయితే ఇరుగుపొరుగు గోల అని తండ్రి డానియేలు, ఆఫీసులోనే కూర్చుని మాట్లాడుకోమన్నాడు. ప్రార్థన చేసి మరీ పంపాడు. అప్పులిచ్చే పెద్ద కంపెనీ అది. అవతలి నుంచి మాట్లాడింది స్రవ్య అనే ఆవిడ. గొంతులో తొందరున్నా మర్యాదగానే మాట్లాడింది.

"మీ వాలంటీర్ ప్రాజెక్ట్ గురించి చెప్పండి స్వీటీ గారూ. ఔట్‌కమ్ ఏంటి?"

నేర్చుకున్న జవాబు నోటి చివర సిద్ధంగా ఉంది. దాని బదులు ఇంకోటి వచ్చింది. "వస్తువులన్నీ తిరిగొచ్చినయి మేడమ్. కానీ అవి బతికున్నవాళ్ళవి."

"అర్థం కాలేదు?"

స్వీటీ చెప్పింది. రెండు నొక్కితే మళ్ళీ అడిగే సంగతి, ఒకటి నొక్కితే ఊరుకునే సంగతి, చాప సంగతి, వీపు మీద మచ్చల సంగతి. చెప్పాక ఇంక ఈ ఉద్యోగం రాదని తెలిసి, చిత్రంగా, గుండె తేలికైంది.

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత స్రవ్య గొంతు దగ్గరగా వినిపించింది. "ఒక్క నిమిషం. అంటే... అవసరం ఉండి కూడా ఇచ్చేశారా? ఎవరూ వెళ్ళి గొడవ చేయకుండానే?"

"అవును మేడమ్."

"కేవలం అడిగినందుకే?"

"అవును."

"మీరు చాలా నిజాయితీగా చెప్పారు. ప్యానెల్ పేరుకే, వాళ్ళకీ ఇదే చెప్పండి, ఇలాగే. అప్పు కట్టమని మేం చేసే రిమైండర్ కాల్స్‌కి సరిగ్గా ఇలాంటి డిజైన్ కోసమే వెతుకుతున్నాం. వాయిస్ కూడా మీదేనా? చాలా బాగుంది. సోమవారం జాయిన్ కాగలరా?"

అబద్ధం ఎందుకు, స్వీటీకి సంతోషం కలిగింది. ఒక్క క్షణమే కావచ్చు, కానీ కడుపులోంచి పొంగి, చెంపల దాకా వచ్చింది. ఆ తర్వాతే ఎల్లప్ప బొటనవేలు గుర్తొచ్చింది. సాయంత్రం చెప్తానని ఫోన్ పెట్టేసింది.

గదిలో ఎవరూ లేరు. మంచాలు గోడకి ఆనుకుని ఉన్నాయి. ఎందుకో వెంటనే ఎల్లప్పతో మాట్లాడాలనిపించింది. ఆయన మంచం ఎక్కి పడుకున్నాడని ఒక్క మాట వింటే, స్రవ్యకి ఏం చెప్పాలో తనకి తెలుస్తుంది. ఆఫీసు ఫోను కాదని, తన సొంత ఫోను తీసి నంబరు నొక్కింది.

చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. మాట లేదు. శ్రమపడి తీస్తున్న ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"నమస్తే," అంది స్వీటీ, అలవాటు కొద్దీ.

చెవిలో కీచుమని కూత. అంకె నొక్కితే వచ్చే కూత.

"బాపూ, నేను. మొన్న ఇంటికొచ్చిన గదా, స్వీటీని. ఇది మెషిన్ కాదు. నేనే మాట్లాడుతున్న."

మళ్ళీ అదే కూత.

"నొక్కకు బాపూ. నీ కాళ్ళు మొక్కుత. మంచం నీదే. దాని మీదనే పండుకో. ఎవ్వరు రారు, ఎవ్వరు అడగరు..."

ఈసారి వేలు లేవలేదు. కూత ఆగకుండా సాగుతూనే ఉంది. దాని అడుగున, దూరంగా, కృష్ణమ్మ గొంతు వినిపించింది. "తీస్తున్ననమ్మా, ఇగో తీస్తున్న, కోపం జేసుకోకు," అంటోంది. తర్వాత ఇనుప కాళ్ళు మడుస్తున్న చప్పుడు.

"అమ్మా, వద్దు..." అంది స్వీటీ. ఆ మాటకి అక్కడ చప్పుడు ఇంకా త్వరపడింది.

స్వీటీ అరచేత్తో తన నోరు గట్టిగా మూసుకుంది. కాసేపటికి మంచం మడుస్తున్న ఆ చప్పుడు కూడా ఆగింది.